పద్నాలుగో ముడి

ఉత్తరాభాద్ర కార్తె

తలుపు మూశాం. నిద్రగుహలో మూడొందల మంది పడుకున్నారు, నలుగురం మేలుకుని ఉన్నాం. ఆశ్లేష కార్తెలో వానలు దిగి మీరంతా లేచాక, అంబలి తాగుతూ కూర్చున్న మీకు కావలి పెద్దగా నేను ఈ మెలకువ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాలి. అందుకే ఎప్పటిలాగే మీతో మాట్లాడుతున్నట్టే రాస్తాను. నిరుడు చదువుతుంటే సగం మంది ఆవలించారు. ఐదు నెలలు నిద్రపోయి లేచిన మనుషులకి ఇంకా ఆవలింతలు ఎక్కడ మిగులుతాయో నాకు అర్థం కాదు.

మేలుకున్న నలుగురిలో నేను ఒకదాన్ని, సుంకులమ్మని. నిద్రమందు చూసేది హుసేనప్ప. చల్లగాలి యంత్రాన్నీ, బయట కొండ మీది సోలార్ పలకల్నీ చూసేవాడు మద్దిలేటి. నాలుగో మనిషి ఈరమ్మ కూతురు చెంచులక్ష్మి, మన చెంచి. దానికి ఇదే మొదటి కావలి.

ఇంకొకరుంటే పని తేలికని ఐదో మనిషి కోసం ఊరంతా అడిగాను. ఎవరిని అడిగినా గోడ వైపు చూశారు. మీ బాధ నాకు తెలుసు. నిద్రలో ఉన్నన్నాళ్ళూ ఒంటికి వయసు రాదు, మేలుకున్న మాకు వస్తుంది. మా అక్క కాశమ్మ నాకన్నా ఏడాది పెద్దది. ఇవాళ దాని దిండు సర్దుతూ చూస్తే తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. మమ్మల్ని కొత్తగా చూసినవాళ్ళు నన్నే అక్క అనుకుంటారు. అక్కా, ఈ ముక్క విని మరీ మురిసిపోకు. నాకిది ఆఖరి కావలి. వచ్చే ఏడు నీ పక్కనే నాకూ చోటు ఇస్తామని సర్పంచ్ తిక్కయ్య మాట ఇచ్చాడు. నా నడుము ఆ రోజు కోసమే చూస్తోంది.

ఈరమ్మ మందు తాగే ముందు చెంచి మొలతాడు చూశాను. చట్టం ప్రకారం చూడాలి. పుట్టినరోజు కాగితాలన్నీ చెదలు తినేశాక మనకి వయసుకి ముడే సాక్ష్యం కదా. ఏటా పిల్లని నిద్రకి పడుకోబెట్టే ముందు తల్లి ఒక ముడి వేస్తుంది. పద్నాలుగు ముడులు పడితే గుహ లోపల మూడు పనులకి తీసుకోవచ్చు: పడుకున్నవాళ్ళని ఒత్తిగిల్లించడం, పెదవులు తడపడం, మణికట్టు మీది పచ్చదీపాలు చూడటం. పదహారుకి పొయ్యి, నీళ్ళు, మందు. పద్దెనిమిది నిండితేనే బయటి ఎండలోకి. పద్నాలుగు లోపు పిల్లలు మెలకువగా ఉండటమే తప్పు.

వేళ్ళతో తడుముతూ లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి. ఆఖరి ముడి నిరుడు వేసింది, ఇంకా గట్టిగా ఉంది.

కావలి మనిషి ఇంటివాళ్ళకి కింద గదిలో చోటు దొరుకుతుంది. చెంచి వచ్చింది ఆ చోటు కోసమే. ఈరమ్మ గుండె బలహీనం. నిరుడు పై గదిలో ఆమె దీపం రెండుసార్లు పసుపుకి తిరిగింది. ఇంకో ఏడు పైన పడుకుంటే లేవదని హుసేనప్ప చెప్పాడు. కింద అయితే బండ లోపలి చలి ఉంటుంది, గుండెకి పని తగ్గుతుంది. పిల్లకి తండ్రి కూడా లేడు, ఇంటి నుంచి వచ్చే మనిషి ఇంకెవరు?

మందు గ్లాసు చేతిలో పట్టుకుని ఈరమ్మ నాతో ఒకే మాట చెప్పింది. "అక్కా, అది పనికి ఎనక్కి పోదు. బువ్వ మాత్రం అడగదు, నువ్వే పెట్టాల."

రేవతి కార్తె

చెంచికి పని నేర్పుతున్నాను. వాళ్ళ అమ్మ చెప్పింది నిజమే, వెనక్కి పోదు. కానీ బలం లేదు. మా కాశమ్మని ఒత్తిగిల్లించమంటే రెండు చేతులూ పెట్టి తోసింది, కాళ్ళు గోడకి తన్ని తోసింది, చివరికి వీపు ఆనించి తోసింది. మా అక్క కొండరాయిలా కదలకుండా పడుకుంది. పిల్ల చెమటలు కక్కుతూ నన్ను చూసి, "ఈ యమ్మని మాత్రం నువ్వు చూసుకో అవ్వా," అంది. నవ్వకుండా ఉండలేకపోయాను.

ఈ కాలం పిల్లలు పొట్టివాళ్ళు. అందరం అనుకునే మాటే ఇది. తిండిలో పస లేదంటాం, కూర్చుని తెర చూడటం ఎక్కువైందంటాం. ఎనిమిదో తరగతిలో కూడా కూడికలు తప్పుతున్నారని బడి అయ్యవారు తిట్టుకుంటాడు. నేను పద్నాలుగేళ్ళప్పుడు మిరప చేలో పెద్దవాళ్ళతో సమానంగా కోతకి వెళ్ళేదాన్ని. ఈ సంగతి చెంచికి చెప్పాను. చెంచి శ్రద్ధగా విని, మిరపకాయ కోస్తే చేతులు మండవా అని అడిగింది.

ఇవాళ అన్నం తింటూ నోట్లో వేలు పెట్టుకుంటుంటే చెయ్యి మీద ఒకటి వేశాను. పన్ను ఊగుతోందట. నోరు తెరిచి చూపించింది, పక్కపన్ను నాలుకతో ముందుకీ వెనక్కీ ఆడిస్తోంది. కావలి మనిషివి, పళ్ళు ఊడబెరుక్కుంటూ కూర్చుంటే ఎవరైనా చూస్తే ఏమంటారు అని ఎగతాళి చేశాను. అందరూ నిద్రపోతున్నారు కదా అవ్వా, ఎవరు చూస్తారు అంది. ఇంకో గరిటె పప్పు వేశాను.

అశ్విని కార్తె

తిక్కయ్య సర్పంచ్ గారికి ముందే క్షమాపణ చెప్పుకోవాలి. మీరు పడుకున్నప్పుడు మీకు మీసం లేదు. ఈరోజు ఉదయం చూస్తే ఉంది, కొనలు చెవుల దాకా పోయాయి. పొయ్యిలోని బొగ్గు అది. మీ పక్కన పడుకున్న మీ బావమరిదికి గడ్డం కూడా వచ్చింది.

చెంచిని నిలబెట్టి గట్టిగా తిట్టాను. నిద్రలో ఉన్న మనిషి దేవుడితో సమానం, వాళ్ళ ఒంటి మీద చెయ్యి వేసే హక్కు మనకి పని కోసమే ఇచ్చారని చెప్పాను. పిల్ల తలవంచుకుని విన్నది, తర్వాత తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మద్దిలేటి యంత్రం వెనక నిలబడి నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది, కానీ పెద్దరికం అడ్డొచ్చింది.

పని అయిపోయాక అది కింద గదిలోకి దిగుతుంది. తల్లి పక్కన కూర్చుని ఆ రోజు జరిగినవన్నీ చెబుతుంది. మెట్ల మీద నుంచి విన్నాను. మీసం సంగతి కూడా చెబుతోంది. నేను తిట్టిన మాటలన్నీ నా గొంతుతోనే వినిపించింది, చక్కగా కుదిరింది.

భరణి కార్తె

హుసేనప్ప నాతో విడిగా మాట్లాడాలన్నాడు. పిల్ల తట్టుకోలేకపోతోందన్నాడు. దీపాలు చూసే వంతులో కూర్చున్నచోటే కునుకు తీస్తోంది, లేపితే తాను ఎక్కడుందో తెలియక ఏడుస్తోంది. భరణి కార్తె దాటిందంటే ఒళ్ళు వేడికి అలవాటు పడి నిద్రమందు పనిచెయ్యదు. ఇప్పుడైతే ఇంకా పడుకోబెట్టవచ్చు.

"దాని మొగం చూడక్కా," అన్నాడు. "పద్నాలుగేండ్ల మొగమేనా అది? పండుకోబెడ్దాం. మనం ముగ్గురం ఎట్లో సర్దుకుందాం."

నేను ఒప్పుకోలేదు. ముగ్గురితో మూడొందల మందిని ఒత్తిగిల్లించడం అయ్యే పని కాదు. పిల్ల కావలి మానేస్తే ఈరమ్మని కింద గదిలో ఉంచే హక్కు ఉండదు, చట్టం చదివినవాళ్ళు రేపు అడుగుతారు. ముడులు పద్నాలుగూ నేనే లెక్కపెట్టానని చెప్పాను. మొదటి ఏడు అందరూ ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. పెద్దదాన్ని నేను, మాట నాదే చెల్లింది.

కృత్తిక కార్తె

మద్దిలేటికి ఎండదెబ్బ తగిలింది. పలకల మీద దుమ్ము పేరుకుని చల్లగాలి తగ్గుతుంటే తెల్లవారకముందే కడగడానికి వెళ్ళాడు. పని మిగిలిపోయిందని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ సూర్యుడు వచ్చాక కూడా ఉండిపోయాడు. తలుపు దగ్గర పడిపోతే నేనూ హుసేనప్పా లోపలికి లాక్కొచ్చాం. అరచేతులు పలకలకి అంటుకుని తోలు ఊడింది. మాటలు తడబడుతున్నాయి. మంచం మీద నుంచి లేచేసరికి మృగశిర దాటుతుందని హుసేనప్ప అంచనా.

పలకలు కడగడం, యంత్రం చూడటం ఇప్పుడు మా ఇద్దరి పని అయ్యింది. అంటే కింద గది మొత్తం చెంచిదే. ఒక్కతే ఉండాలి. చట్టంలో అడ్డేమీ లేదు, చేసేవి ఆ మూడు పనులే.

రోహిణి కార్తె

బయట రాళ్ళు పగులుతున్నాయి. ఆ చప్పుడు బండలోంచి కింద గది దాకా దిగుతుంది.

నిన్న చెంచి నా దగ్గరకి వచ్చి కొంగు పట్టుకుంది. కింద ఒక్కదాన్నే ఉండలేనంది. "ఎవురో పిల్చినట్ల ఉంటాది అవ్వా. దీపాలన్నీ నన్నే సూచ్చాండాయి. నువ్వు గూడ రా, ఊరికే కూసో, నువ్వేం పని సేయాల్సిన పన్ల్యా."

పలకలు కడిగి వచ్చిన ఒళ్ళు నాది, కళ్ళలో ఇసుక ఉంది. నేనన్న మాట ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. నీ వయసుకి నేను నలుగురు తమ్ముళ్ళని సాకాను, పద్నాలుగేళ్ళు వచ్చి ఇంకా పసిపిల్లలా కొంగు పట్టుకుంటే సిగ్గుగా లేదా అన్నాను. చేతిలోంచి కొంగు లాక్కున్నాను. చెంచి ఏడవలేదు. సరే అవ్వా అని దిగిపోయింది.

రోహిణి కార్తె, మళ్ళీ

ఈ రాత ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వంతు మారే వేళకి చెంచి పైకి రాలేదు. కునుకు తీసిందేమోనని విసుక్కుంటూ నేను దిగాను. మెట్ల దగ్గరే గాలి తేడా తెలిసింది. ఈరమ్మ పడక మీది చల్లగాలి గొట్టం మూసి ఉంది. పడకలో ఇద్దరున్నారు. చెంచి తల్లి చంకలో తల పెట్టి, కాలు తల్లి మీద వేసుకుని నిద్రపోతోంది. రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. తల్లి మణికట్టు మీది దీపం ఎర్రగా ఉంది.

ఈరమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆమె చెయ్యి పిల్ల జుట్టు నిమురుతోంది. నన్ను చూసి, ష్, అన్నట్టు పెదవులు ముడిచింది.

హుసేనప్పని కేకేశాను. అతను వచ్చి నాడి చూశాడు, గోళ్ళు చూశాడు, కాళ్ళు ఒత్తి చూశాడు. తర్వాత మెట్ల మీద కూర్చుండిపోయాడు. నిద్రలో ఉన్న మనిషిని పాదాల దగ్గర మొదలుపెట్టి నిదానంగా వెచ్చబెడుతూ మూడు రోజుల పాటు లేపాలి. ఇలా గుండె దగ్గర ముందు వేడెక్కితే కాళ్ళలోనూ చేతుల్లోనూ ఉన్న మందంతా ఒక్కసారి గుండెకి ఎక్కుతుంది. గట్టి గుండె అయితే తట్టుకుంటుందేమో. ఈరమ్మది గట్టి గుండె కాదు. మళ్ళీ పడుకోబెట్టడానికి భరణి ఎప్పుడో దాటిపోయింది. వారం గడవదన్నాడు.

చెంచిని వేరే గదికి తీసుకెళ్ళి అడిగాను.

"లేపాలని కాదవ్వా," అంది. "భయమేసి అమ్మ పక్కన పండుకున్న్యా. శానా చలేసింది, గొట్టం మూసినా. మా అమ్మకి గూడ చలేచ్చాంటాది గదా."

మృగశిర కార్తె

ఈరమ్మకి తన సంగతి తెలుసు. హుసేనప్ప దాచాలని చూశాడు, ఆమె అతని మొహం చూసి తెలుసుకుంది. పిల్లకి చెప్పొద్దంది. పిల్లని పనిలోంచి తప్పించి ఈ నాలుగు రోజులూ తనకి వదిలేయమంది. ఇచ్చాను. ఎవరి అనుమతీ అడగలేదు.

తల్లీకూతుళ్ళు వంటగది మూలలో చాప వేసుకుని ఉన్నారు. ఈరమ్మ లేవలేదు, గోడకి ఆనుకుని కూర్చుంటుంది. పిల్లకి పేలు చూసింది, రెండు జడలు వేసింది, అవి బాగా రాలేదని విప్పి ఒక జడ వేసింది. సర్పంచ్ మీసం సంగతి చెంచి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నిద్రలో ఇవన్నీ నువ్వు విన్నావా అని అడిగింది. అన్నీ విన్నానని ఈరమ్మ చెప్పింది. ఈ గుహలో ఇంత నవ్వు నేనెప్పుడూ వినలేదు.

ఇవాళ చెంచి పన్ను ఊడింది. రక్తం కారుతుంటే గర్వంగా తెచ్చి తల్లి అరచేతిలో పెట్టింది. పిల్ల నోరు కడుక్కోవడానికి వెళ్ళాక ఈరమ్మ ఆ పన్ను నాకు చూపించింది. వేరు లేని చిన్న పాలపన్ను.

"అక్కా, నీకు పాలపండ్లు ఎన్నో ఏట అయిపోయినాయి?"

గుర్తు చేసుకుని, పన్నెండుకల్లా అయిపోయాయన్నాను.

"నాకూ అంతే. దీనికి ఇంకా నాలుగు ఉండాయి, సూసినా. ఈడు దాటినా పెద్దమనిషి కాల్యాదని దిగులుపడ్తి. పొట్టిదని పాలు తాపితి. అక్కా, నేను ఏసిన ముడులన్నీ దీన్ని పండుకోబెట్టిన దినాలే గదా. పండుకున్నప్పుడు నీ అక్కకి జుట్టు నెరవల్యా. నా బిడ్డ మాత్రం ఎట్ల పెరుగుతాది?"

నేల మీద కూర్చుని వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాను. నిద్ర మొదలైన కొత్తలో రోహిణి, మృగశిర, ఆ రెండు కార్తెల చుట్టూ రెండు నెలలే పడుకునేవాళ్ళం. చెంచి పుట్టిన మొదటి నాలుగేళ్ళూ అంతే. తర్వాత నాలుగేళ్ళు మూడేసి నెలలు. ఎండలు ముదిరి, ఆ తర్వాత ఆరేళ్ళూ ఐదేసి నెలలు. అన్నీ కలిపితే నాలుగేళ్ళ పైమాట నిద్రలోనే పోయింది. పద్నాలుగు ముడుల పిల్ల కళ్ళు తెరిచి బతికింది పదేళ్ళు.

కింద గదిలోకి నేను పంపింది పదేళ్ళ పిల్లని.

పద్నాలుగేళ్ళ లెక్క మనం నిద్రపోవడం నేర్వకముందున్న పాత చట్టంలోది, కావలి చట్టంలోకి అలాగే తెచ్చుకున్నాం. ఆ రోజుల్లో ఏడాదంటే ఏడాది. దాన్ని ఎవరూ మార్చలేదు, మార్చాలని ఎవరికీ తోచలేదు. ఎవరినో ఎందుకు అనాలి? కాశమ్మ జుట్టు నల్లగా ఉందని ఏటా ఈ పుస్తకంలోనే ఎగతాళి రాసేదాన్ని నేనే. పిల్ల పన్ను ఊగుతుంటే అదీ నేనే చూశాను. రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోలేదు. హుసేనప్ప మొహం చూడమన్నాడు, నేను ముడులు చూశాను. ఈరమ్మా, నీ బిడ్డ కొంగు పట్టుకుంటే లాక్కున్నాను. ఆ ఒక్కసారి దాని వెంట దిగి ఊరికే కూర్చుని ఉంటే సరిపోయేది.

ఈ మాట ఆమెకి చెప్పాను కూడా. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తన వల్లే తల్లి పోయిందని పిల్లకి ఎవరూ అనకుండా చూడమని అడిగింది.

మృగశిర కార్తె, చివర

ఈరమ్మ పోయింది. పిల్ల ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉండగా పోయింది. అమ్మ మళ్ళీ నిద్రపోయింది అవ్వా అని చెంచి వచ్చి చెప్పింది. మణికట్టు దీపం చూడటం నేను దానికి బాగా నేర్పాను. దాని గొంతు వింటే తెలిసింది, అది చూసే వచ్చిందని.

తలుపు తీసే కాలం కాదు కనుక ఈరమ్మని కింద గది చివర, బండ పక్కన చలిలోనే ఉంచాం. చెంచిని పనిలో పెట్టడం లేదు. అయినా పెదవులు తడపడానికి తడిగుడ్డ పట్టుకుని నా వెంట వస్తుంది. గది చివర వాళ్ళ అమ్మ దగ్గర ఆగుతుంది. నేను దాన్ని కాసేపు అక్కడే వదిలి వస్తాను.

ఆరుద్ర కార్తె

మద్దిలేటి లేచి కూర్చుంటున్నాడు. ముగ్గురం కావలి చట్టం ముందు పెట్టుకున్నాం. కావలిలో ఒకరి పొరపాటు వల్ల నిద్రలో ఉన్న మనిషి పోతే, ఆ పొరపాటు చేసిన మనిషికి నిద్రగుహలో ఇక చోటు లేదు. ప్రతి వేసవీ మేలుకునే ఉండాలి, లేదా ఊరు విడిచిపోవాలి. పద్నాలుగు ముడులు పడినవాళ్ళు ఎవరి తప్పుకి వాళ్ళే జవాబుదారులు. పద్నాలుగు లోపు పిల్ల అయితే, ఆ పిల్లని పనిలో పెట్టిన కావలి పెద్ద జవాబుదారు.

ఈరమ్మ గుండె ఆగిందని రాసి ఊరుకుందాం అన్నాడు మద్దిలేటి. గొట్టం మూసిన సంగతి మన ముగ్గురికే తెలుసు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ అలా రాస్తే వచ్చే ఏడు ఇంకో పద్నాలుగు ముడుల పిల్లని ఇక్కడ నిలబెడతారు. మీ పిల్లల్లోనే ఒకరిని నిలబెడతారు.

దాని వయసు పది అని రాస్తానన్నాను.

"అట్ల రాచ్చే చోటు పోయేది నీకే అక్కా," అన్నాడు హుసేనప్ప. "ఈ వొళ్ళుతో ఇంకెన్ని ఎండాకాలాలు మేల్కొంటావు?"

ఎన్నో నాకు తెలియదు. ఎక్కువ ఉండకపోవచ్చు. కాశమ్మ పక్కన పడుకోవాలని ఎంత ఆశపడ్డానో ఈ పుస్తకం మొదట్లోనే ఉంది. దాన్ని కొట్టేయలేదు, కొట్టేస్తే అబద్ధమవుతుంది. మనసుకి కష్టంగానే ఉంది.

పునర్వసు కార్తె

చెంచి మాట్లాడటం తగ్గించింది. ఇప్పుడు కింద గదికి దిగేటప్పుడు నేను దాని చెయ్యి పట్టుకుంటాను, కాసేపు పని లేకుండా ఊరికే కూర్చుంటాను. అది రోహిణి కార్తెలో నన్ను అడిగింది ఇంతే. చెయ్యి పట్టుకోవడానికి దానికి ఇప్పుడు పెద్ద అవసరం లేనట్టుంది, నా కోసం పట్టుకోనిస్తోంది.

ఆశ్లేష కార్తె

వాన పడింది. బండలోంచి చప్పుడు వినిపించింది, ముగ్గురం లేచి నిలబడ్డాం. మద్దిలేటి తలుపు ఓరగా తీస్తే మట్టివాసన వచ్చింది. రేపటి నుంచి మీ పాదాలు వెచ్చబెడతాం. మూడు రోజుల్లో మీరంతా కూర్చుని ఇది వింటుంటారు.

వినండి. ఈరమ్మ చావుకి జవాబుదారుని సుంకులమ్మ అనే నేను. పదేళ్ళ పిల్లని కావలికి పెట్టాను. చట్టం చెప్పిన శిక్షకి ఒప్పుకుంటున్నాను. మీరు లేవగానే చేయాల్సింది ఒకటుంది, అంబలి తర్వాత తాగవచ్చు. మీ పక్కనున్న మీ పిల్లల్ని నోరు తెరవమని చూడండి. ఇంకా పాలపళ్ళున్న పిల్లల మొలతాడుకి ఎన్ని ముడులున్నాయో లెక్కపెట్టుకోండి. తర్వాత చట్టం సంగతి మాట్లాడుకుందాం.

నిన్న చెంచిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని మొలతాడు ముడులు నాలుగు విప్పాను. పాత ముడులు బిగుసుకుపోయాయి, గోళ్ళతో లాభం లేక పళ్ళతో పట్టి లాగాను. ఎందుకు విప్పుతున్నావని అడిగింది. నిద్రపోయిన రోజులు వయసులోకి రావని, నీకు నిజంగా పద్నాలుగు కాదు పదేళ్ళేనని, పని చేసే వయసు రావడానికి ఇంకా నాలుగేళ్ళు ఉందని, జరిగినదాంట్లో నీ తప్పు లేదని, తెలిసినంతలో విడమరిచి చెప్పాను. ఈరమ్మకి ఇచ్చిన మాట అలా నిలబెట్టుకుందామనుకున్నాను.

విప్పిన చోట తాడు మెలికలు తిరిగి ఉంది. చెంచి దాన్ని వేలితో సాపు చేసుకుంటూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"అట్లయితే నేనింకా నాలుగేండ్లు మా అమ్మకాడ ఉండాల్సింది గదా అవ్వా?"

దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. లేచాక మీలో ఎవరికైనా తెలిస్తే దానికి చెప్పండి.